వెలుగు వేసిన గోడలు, చెయ్యి వేసిన చోట్లు

1985లో హసన్ షరీఫ్ అనే కళాకారుడు షార్జా సెంట్రల్ మార్కెట్‌లో ప్రదర్శన పెట్టారు. బేరాలు సాగే చోట, సరుకు మోసేవాళ్ళూ కొనేవాళ్ళూ తిరిగే దారిలో, తన పనుల్ని తెచ్చి జనం ముందుంచారు. 1951లో పుట్టిన మనిషి. లండన్‌లోని బైయమ్ షా కళాశాలలో చదువు ముగించుకుని అప్పుడే తిరిగొచ్చారు. అంతకుముందు 1970ల్లో పత్రికలకు కార్టూన్లు గీశారు కాబట్టి మామూలు పాఠకుడితో మాటకు మాట కలపడం ఆయనకు అలవాటే. యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ అనే దేశం ఏర్పడి అప్పటికి పద్నాలుగేళ్ళు. లలితకళల సంఘం ఒకటి 1980లో మొదలైంది. షరీఫ్ తన మిత్రులతో కలిసి 1984లో షార్జాలోని అల్ మురైజా పేటలో కళాకారులకు ఒక పనిగది తెరిచారు. ఆధునిక కళకంటూ చెప్పుకోదగ్గ మ్యూజియం లేదు, కొనేవాళ్ళు లేరు, విమర్శకులు లేరు. ఉన్నవి వీధి, బజారు, ఎడారి. ఆ మూడింటినీ ఆయన వాడుకున్నారు. 1983లో హత్తా దగ్గరి ఎడారిలో గెంతుతూ ఫోటోలు తీయించుకున్నారు. నడవడం, తవ్వడం, నిలబడడం లాంటి రోజువారీ పనులనే కళగా నమోదు చేశారు. బజారులో దొరికే అట్టముక్కలు, కొబ్బరితాళ్ళు, గుడ్డపీలికలు, అల్యూమినియం గిన్నెలు, రబ్బరు చెప్పులు తెచ్చి కట్టలు కట్టి, మెలిపెట్టి, కుప్పపోశారు. ఆ దేశపు బజార్లను అప్పుడే ముంచెత్తుతున్న చవక సరుకే ఆయన ముడిసరుకు.

ఈ కథను ఇక్కణ్ణుంచి మొదలుపెట్టడానికి కారణం ఉంది. గల్ఫ్‌లో కళ అనగానే చాలామంది లెక్క వేరేగా ఉంటుంది: చమురు డబ్బు వచ్చింది, ఆ డబ్బుతో పారిస్ నుంచి లూవ్ర్ పేరు తెచ్చుకుని 2017లో అబుదాబీలో మ్యూజియం కట్టారు, ఊరంతా దీపాల ఉత్సవాలు పెట్టారు, రోజువారీ వీధుల్ని నాలుగు వారాలపాటు మార్చేసే తాత్కాలిక కళాకృతులు కూడా ఆ కొనుగోళ్ళలో భాగమే. ఇందులో కొంత నిజముంది, కానీ వరస తప్పు. డబ్బూ భవనాలూ రాకముందే, బజారులోకి కళను తెచ్చే పని అక్కడ మొదలైంది. ఆ నలభై ఏళ్ళ చరిత్రను వరసగా చూస్తే నాకు ఒక సంగతి తేటగా కనిపిస్తుంది. ఎమిరేట్స్‌లో ఒక చోటును నిజంగా మార్చిన తాత్కాలిక కళ ఏదంటే, ఆ చోట రోజూ పనిచేసేవాళ్ళ చెయ్యి పడినదే. పైనుంచి వెలుగు మాత్రమే వేసినవి చోటును చూసే కెమెరాలను మార్చాయి, చోటును మార్చలేదు. ఆ దేశ జనాభాలో దాదాపు పదింట తొమ్మిది మంది బయటినుంచి వచ్చినవాళ్ళు. భారతీయులే 35 లక్షలకు పైన. వాళ్ళలో కరీంనగర్, నిజామాబాద్, జగిత్యాల, కడప, గోదావరి జిల్లాలవాళ్ళు ఎందరో. అక్కడి రోజువారీ చోట్లంటే చాలావరకు వీళ్ళు నడిచే, ఊడ్చే, తోలే, అమ్మే చోట్లే. కాబట్టి ఈ చరిత్ర మనకు పరాయిది కాదు.

తాత్కాలికం అన్నది ఆ తీరానికి ఎవరూ నేర్పనక్కర్లేదు. చమురుకు ముందు అక్కడి ఇళ్ళలో ఎక్కువభాగం ఖర్జూరపు మట్టలతో అల్లిన అరీష్ ఇళ్ళు. ముత్యాల వేట సాగే ఎండాకాలంలో తీరపు కుటుంబాలు లివా, అల్ ఐన్ లాంటి ఖర్జూర తోటలున్న చోట్లకు తరలిపోయేవి. గాలి ఆడేలా మట్టలతో ఇల్లు వేసుకుని, కాలం మారగానే తిరిగొచ్చేవి. కలిగిన వర్తకులు మాత్రం పగడపు రాయి, జిప్సంతో గట్టి ఇళ్ళు కట్టుకున్నారు. దుబాయి క్రీక్ ఒడ్డున బస్తకియా పేట అలా పుట్టింది. ఇరవయ్యో శతాబ్దం తొలి ఏళ్ళలో పర్షియా తీరంలో సుంకాలు పెరగడంతో అక్కడి వర్తకులు ఇటు దాటి వచ్చి, గాలిని కిందికి లాగే గోపురాలతో ఇళ్ళు కట్టి, తమ సొంతూరు బస్తక్ పేరు పెట్టుకున్నారు. 1958లో అబుదాబీలో, 1966లో దుబాయిలో చమురు బయటపడింది. తర్వాతి ఇరవై ఏళ్ళలో మట్టల ఇళ్ళు దాదాపు మాయమయ్యాయి. బస్తకియా యజమానులు కొత్త విల్లాలకు వెళ్ళిపోయారు. ఖాళీ అయిన ఇళ్ళు గోదాములయ్యాయి, వలస కూలీల బసలయ్యాయి. 1980ల్లో పేటలో సగం దాకా పడగొట్టారు. మిగతా సగాన్ని కూడా కూల్చబోతుంటే రేనర్ ఓటర్ అనే బ్రిటిష్ ఆర్కిటెక్ట్ పోరాడారు. 1989లో ఇంగ్లండు యువరాజు చార్లెస్ వచ్చి చూసి, నిలపాలన్న మాట చెప్పారు. పేట దక్కింది. 2007లో అదే పేట ఇళ్ళలో, నడవాల్లో బస్తకియా కళాసంత మొదలైంది. 2011 నుంచి చాలా ఏళ్ళపాటు దుబాయి సాంస్కృతిక సంస్థ సిక్కా కళోత్సవాన్ని ఆ సందుల్లోనే జరిపింది. ఏడాదిలో కొద్దిరోజులు ఒక్కో ఇంటి ముంగిలి ఒక్కో కళాకారుడి చేతికి వెళ్ళేది.

బస్తకియా నా వాదానికి తొలి పరీక్ష. భవనాల వరకు చూస్తే ఇది గెలుపే. కూల్చివేతే అభివృద్ధి అనుకున్న ఊళ్ళో, ఏటా కొన్నిరోజులు జనాన్ని రప్పించగల సందు తన ఉనికికి కారణం చూపించుకోగలిగింది. కానీ పేట నిలిచేనాటికి దాన్ని కట్టిన వర్తకుల కుటుంబాలూ లేవు, తర్వాత అందులో బతికిన కూలీలూ లేరు. ఆ పేటకున్న రెండు రోజువారీ జీవితాలూ పోయాక కళ వచ్చింది. అందుకే అక్కడ పెట్టిన పనులు ఎంత అందమైనవైనా ఖాళీ ఇంట్లో అమర్చినట్టే ఉంటాయని నా అభిప్రాయం. మార్చడానికి ఒక బతుకు ఉండాలి. షరీఫ్ 1985లో బజారుకు వెళ్ళింది అందుకే. అక్కడ చూసినవాళ్ళలో చాలామందికి ఆ పని నచ్చి ఉండదు. దానికి జవాబుగా ఆయన షార్జా పత్రికల్లో వ్యాసాలు రాశారు, పాశ్చాత్య కళపై రచనలను అరబీలోకి అనువదించారు. నచ్చనివాళ్ళతో వాదించడం కూడా ఆయన పనిలో భాగమైంది. ప్రేక్షకుణ్ణి వదిలేసి తన గదికి వెళ్ళిపోలేదు. 2016లో చనిపోయేదాకా బజారు సరుకును వదల్లేదు.

తర్వాతి అధ్యాయం రెండేళ్ళకోసారి జరిగే కళాప్రదర్శన షార్జా బినాలేది. 1993లో మొదలైనప్పుడు అది ఎక్స్‌పో సెంటర్ హాల్లో దేశాలవారీగా చిత్రాలు వేలాడదీసే మామూలు ప్రదర్శన. 2003లో ఆరో బినాలేకు హూర్ అల్ కాసిమీ సారథ్యం వహించడంతో దారి మారింది. చిత్రపటాల స్థానంలో వీడియోలు, స్థలాన్నిబట్టి చేసే పనులు వచ్చాయి. ప్రదర్శన క్రమంగా హాలు దాటి పాతపేట ముంగిళ్ళలోకి, వీధుల్లోకి, ఓడరేవులోకి నడిచింది. 2009లో షార్జా ఆర్ట్ ఫౌండేషన్ ఏర్పడింది. ఆ ఏడాది బినాలేలోనే నేను ఈ చరిత్రలో అన్నిటికన్నా ముఖ్యమని భావించే పని జరిగింది.

ముంబయికి చెందిన క్యాంప్ బృందం, అంటే షైనా ఆనంద్, అశోక్ సుకుమారన్, షార్జా క్రీక్ రేవును తమ చోటుగా ఎంచుకున్నారు. ఆ రేవునుంచి ధో అనే చెక్క ఓడలు సోమాలియాకు సరుకు తీసుకెళ్తాయి. ఓడల మీద పనిచేసేవాళ్ళు గుజరాత్ కచ్ తీరంవాళ్ళు, సింధువాళ్ళు, ఇరాన్‌వాళ్ళు. దుబాయి ఆకాశహర్మ్యాల కథలో ఎక్కడా కనిపించని వ్యాపారమిది. కంటైనర్ ఓడలు వెళ్ళడానికి జంకే రేవులకు పాత టైర్లూ, వాడిన కార్లూ, తిండిగింజలూ మోసుకెళ్తుంది. క్యాంప్ రెండు పనులు చేసింది. ఒకటి, ఆ రేవునుంచి సోమాలియా వెళ్ళిన ఓడలూ వాటిలోని సరుకులూ జాబితా కట్టిన పుస్తకం, పేరు ‘వార్ఫేజ్’. రెండోది ‘రేడియో మీనా’. రేవులోనే నాలుగు సాయంత్రాలు ఎఫ్ఎం ప్రసారం నడిపి, ఓడలవాళ్ళ మాటలూ పాటలూ గాల్లోకి పంపారు. ఇందులో అమర్చిన శిల్పం లేదు, రంగు లేదు, ప్రత్యేకమైన దీపం లేదు. అయినా ఆ రేవు మారింది. రోజూ సరుకు లెక్క రాసే కాగితాలు చరిత్రపత్రాలయ్యాయి. ఎక్కించేవాడి గొంతు అదే రేవులో తిరిగి వినిపించింది. నాలుగు సాయంత్రాల తర్వాత ప్రసారం ఆగింది, కానీ బంధం ఆగలేదు. నావికులు తమ సెల్‌ఫోన్లలో తీసుకున్న వీడియోలతోనే అదే బృందం ‘ఫ్రమ్ గల్ఫ్ టు గల్ఫ్ టు గల్ఫ్’ అనే 83 నిమిషాల సినిమా కూర్చింది. 2013లో షార్జాలోనే దాన్ని చూపించారు. ఓడమీద తమకోసం తాము తీసుకున్న దృశ్యాలు, వాటికి తామే పెట్టుకున్న హిందీ పాటలు, అవే సినిమా. చూసేవాడూ చూడబడేవాడూ ఒకరే అయిన పని అరుదు.

2013 బినాలేకు జపాన్ క్యురేటర్ యూకో హసెగావా ఇంటి ముంగిలినే ఇతివృత్తంగా తీసుకున్నారు. అరబ్బు ఇంట్లో ముంగిలి బయటికీ లోపలికీ మధ్య ఉండే చోటు. అతిథికీ ఇంటివాళ్ళకీ ఉమ్మడిది. ఆ ఏడాది డెన్మార్క్‌కు చెందిన సూపర్‌ఫ్లెక్స్ బృందం షార్జా బ్యాంక్ స్ట్రీట్‌లో ఒక పార్కు వేసింది. బెంచీ ఎలాంటిది కావాలి, ఊయల ఎలాంటిది కావాలి, దీపస్తంభం ఎక్కడిది కావాలి అని ఆ ఊళ్ళో బతికే రకరకాల దేశాలవాళ్ళను అడిగి, వాళ్ళు చెప్పిన తమ ఊళ్ళ వస్తువులను అక్కడ పెట్టింది. బ్యాంకుల వీధిలో డబ్బు దాచుకోవడానికి వచ్చేవాడికి తన ఊరి బెంచీ కనిపించడం చిన్న సంగతి కాదు. ఈజిప్టు కళాకారుడు వాయెల్ షాకీ అదే బినాలేలో ఇంకో దారి పట్టారు. కళారంగపు పెద్దల ప్రసంగాల్లోంచి వాక్యాలు తీసి, ఉర్దూలోకి మార్పించి, షార్జాలో ఉండే పాకిస్తానీలతో కవ్వాలీగా పాడించారు. బినాలే పెట్టే ఊళ్ళో ఉండీ బినాలే మాట అర్థంకానివాళ్ళే ఆ మాటకు గొంతయ్యారు. పాడిన మాటల అర్థం ఎవరిదో, సంగీతం మాత్రం పాడినవాళ్ళ సొంతం. ఈ రెండో పనిమీద నాకు కొంత అనుమానముంది. దాన్ని తర్వాత చెప్తాను.

విక్రమ్ దివేచా పేరు ఇక్కడ రావాలి. బీరూట్‌లో పుట్టి, ముంబయిలో పెరిగి, దుబాయిలో స్థిరపడిన ఈయన నగరం నడిచే తీరునే తన పనిముట్టు చేసుకున్నారు. దుబాయి అల్ కూజ్ పారిశ్రామికవాడలో అల్‌సెర్కల్ అవెన్యూ అనే గ్యాలరీల సముదాయముంది. 2008 ప్రాంతంలో మొదలై 2015లో ఒకప్పటి పాలరాతి కర్మాగారం స్థలంలోకి విస్తరించింది. చుట్టూ ఇప్పటికీ గోదాములు, గ్యారేజీలు. 2016లో దివేచా అక్కడి ఒక ఖాళీ గోదామును గ్యాలరీగా మార్చకుండా తిరిగి గోదాముగా మార్చారు. వర్తకసంస్థలు తమ సరుకును అక్కడ నిలవ చేసుకోవచ్చన్నారు. పెట్టెలు వచ్చాయి, వెళ్ళాయి, పేర్చారు, దించారు. ఆ రాకపోకలే ప్రదర్శన. గోదాములను గ్యాలరీలు మింగేస్తున్నాయన్న విమర్శకు ఇంతకన్నా సూటి జవాబు మరొకటి నాకు తెలియదు. 2017లో షార్జా బినాలే కోసం ఆయన చేసిన ‘బీజ్’ ఇంకా లోతైనది. మునిసిపాలిటీలో పనిచేసే పాకిస్తానీ తోటమాలులకు తమకు నచ్చిన విత్తనాలు వేసుకునే నేల దొరికింది. రోజంతా కూడళ్ళలో పూలమొక్కలను అధికారుల నమూనా ప్రకారం కత్తిరించే చేతులు ఇక్కడ తమ తిండిమొక్కలు పెంచాయి. పొలం వదిలి ఎడారికి వెళ్ళిన రైతు గురించి తెలంగాణ పల్లెల్లో ఎవరికీ వివరించనక్కర్లేదు. నీళ్ళులేక సేద్యం వదిలినవాడు, అక్కడ గొట్టాలతో నీళ్ళుపోసి పచ్చిక పెంచుతాడు. అతనికి ఒక మడి చెక్క ఇచ్చి నీ ఇష్టం అనడమే ఆ కళాకృతి.

ఇక వెలుగుల సంగతి. 2011 నుంచి షార్జా మసీదులమీదా ప్రభుత్వ భవనాలమీదా దీపోత్సవం జరుపుతోంది. 2014లో దుబాయి డౌన్‌టౌన్‌లో ఫ్రాన్స్‌లోని లియోన్ నగర ఉత్సవం పద్ధతిలో దీపాల పండుగ జరిగింది. 2023 నవంబరులో అబుదాబీ ‘మనార్’ పేరుతో దీవులమీద, మడ అడవుల మధ్య వెలుగుల ప్రదర్శన మొదలుపెట్టింది. తెలుగువాళ్ళకు బాగా గుర్తున్న ఘట్టం 2021 అక్టోబరు 23ది. తెలంగాణ జాగృతి అనే సాంస్కృతిక సంస్థ చొరవతో 828 మీటర్ల బుర్జ్ ఖలీఫామీద ఆ రాత్రి బతుకమ్మ వెలిగింది. అదే నెలలో ఏ.ఆర్. రెహమాన్ స్వరపరచిన బతుకమ్మ పాట విడుదలైంది. జాగృతి నాయకురాలు కల్వకుంట్ల కవిత దుబాయి వెళ్ళి ఆ ప్రదర్శనకు హాజరయ్యారు. అక్కడి తెలుగువాళ్ళు గుమికూడి చూసి గర్వపడ్డారు. ఆ గర్వాన్ని తక్కువచేసి మాట్లాడను. తమ ఊరి పువ్వు ప్రపంచంలోకెల్లా ఎత్తయిన గోడమీద కనబడితే, ఏళ్ళతరబడి ఎవరికీ కనబడకుండా పనిచేసినవాడికి కళ్ళు చెమర్చడం సహజం. కానీ కళ దృష్టితో అడగవలసిన ప్రశ్న ఉంది. బతుకమ్మ అంటే ఆడవాళ్ళు వరసలుగా పేర్చే పని, చుట్టూ తిరిగి పాడే పాట, చివరికి నీళ్ళలో వదలడం. ఇంటి ముందు ముగ్గులాగే, చెదిరిపోవడానికే వేసేది. ఒక చోటును కొన్ని గంటలపాటు మార్చి, తర్వాత ఆ చోటును మళ్ళీ మామూలు జీవితానికి అప్పగించడం మన ఆడవాళ్ళకు ఎవరూ నేర్పకుండానే వచ్చు. తంగేడు, గునుగు చేలగట్లమీద దొరకని ఆ దేశంలో, అక్కడి తెలుగు సంఘాల ఆడవాళ్ళు ఏటా ఏదో హాల్లోనో ఆవరణలోనో పువ్వులు సమకూర్చుకుని పేరుస్తారు. గోడమీది బతుకమ్మకు పేర్చినవాళ్ళు లేరు, నీళ్ళలో వదిలేవాళ్ళు లేరు. అది కొన్ని నిమిషాల్లో ముగిసి, ఆ గోడ ఇంకో బొమ్మకు వెళ్ళిపోయింది. హాల్లోని బతుకమ్మే ఎమిరేట్స్‌లో తెలుగువాళ్ళ అసలైన తాత్కాలిక కళ అని నా నమ్మకం. నాకు తెలిసి అది ఏ కళాచరిత్రలోనూ నమోదు కాలేదు.

దీనికి వెంటనే ఒక అభ్యంతరం వస్తుంది. వెలుగుల ఉత్సవాలకు కుటుంబాలతో సహా జనం వస్తారు, బినాలే ముంగిళ్ళకు ఎందరు వస్తారు? జనం మెచ్చిందాన్ని కాదని, కొద్దిమందికే అర్థమయ్యేదాన్ని ఎత్తిపట్టడం కాదా? న్యాయమైన ప్రశ్న. వెలుగును మొత్తంగా తోసిపుచ్చడం నా ఉద్దేశం కాదు. 2023 ‘మనార్’లో మెక్సికన్-కెనడియన్ కళాకారుడు రఫాయెల్ లొసానో-హెమ్మర్ లూలూ దీవిమీద చేసిన పనుల్లో ఒకటి చూసేవాళ్ళ గుండె చప్పుడును అందుకుని దానికి తగ్గట్టు దీపాలను కొట్టుకునేలా చేసింది. అక్కడికి ఎవరొస్తే వాళ్ళ నాడి వెలుగవుతుంది. కూలీ అయినా షేక్ అయినా గుండె ఒకటే లయ. అంటే తేడా దీపానికీ విత్తనానికీ మధ్య లేదు. ఆ చోటికి వచ్చేవాడు పనిలో వాటాదారు అవుతున్నాడా, వట్టి చూపరిగా మిగులుతున్నాడా అన్నదే తేడా. ఇక జనం సంఖ్య సంగతి. బజారులో, రేవులో, కూడలిలో చేసిన పనిని ఎవరూ టికెట్టు కొని లెక్కలోకి ఎక్కరు. దారిన పోతూ చూస్తారు, చూసినట్టు కూడా అనుకోరు. ఆ ప్రేక్షకుణ్ణి లెక్కపెట్టే యంత్రం లేదు కాబట్టి అతను లేడనడం కుదరదు.

రెండో అభ్యంతరం బరువైనది. కూలీలతో కలిసి చేసే కళ కూలీలనే ముడిసరుకు చేసుకోవడం కాదా? తోటమాలి పేరు మాసిపోతుంది, కళాకారుడి పేరు కాటలాగులో అచ్చవుతుంది. కవ్వాలీ విషయంలో నా అనుమానమిదే. పాడేవాళ్ళ మాట వాళ్ళది కాదు, వాళ్ళ గొంతు మాత్రం కావాల్సివచ్చింది. ఇంతకన్నా పెద్ద మరక ఇంకోటుంది. 2011 మార్చిలో 130 మందికి పైగా కళాకారులు, సాదియాత్ దీవిలో కట్టబోయే గుగ్గెన్‌హైమ్ అబుదాబీ మ్యూజియం పనిలో కూలీల హక్కులకు హామీ లేదంటూ దాన్ని బహిష్కరిస్తున్నట్టు ప్రకటించారు. గల్ఫ్ లేబర్ అనే ఆ కూటమిలో క్యాంప్‌కు చెందిన అశోక్ సుకుమారన్ కూడా ఉన్నారు. 2015లో ఆయనకు ఎమిరేట్స్ వీసా నిరాకరించింది. రేవు నావికుల గొంతును ఊరికి వినిపించినవాడే ఆ ఊరికి రాలేకపోయాడు. 2011 బినాలేలోనే ఇంకో ఘటన. అల్జీరియా రచయిత ముస్తఫా బెన్‌ఫొదీల్ ఫుట్‌బాల్ జెర్సీలు తొడిగిన బొమ్మలను ఒక బహిరంగ ఆవరణలో నిలిపి, వాటిపై రాతలు రాశారు. ఆ రాతలు మతభావాలను గాయపరుస్తున్నాయన్న అభ్యంతరంతో దాన్ని తొలగించారు. షార్జా ఆర్ట్ ఫౌండేషన్ డైరెక్టర్ జాక్ పెర్సెకియాన్‌ను పదవినుంచి తప్పించారు. కళను జనం తిరిగే ఆవరణలోకి తెస్తామన్నవాళ్ళకు, జనం నుంచి అభ్యంతరం రాగానే ఏం చేయాలో తెలియలేదు.

ఈ వాస్తవాలు నా వాదాన్ని దెబ్బతీస్తాయా? నాకు తెలిసి అవి దాన్ని గట్టిపరుస్తాయి, అయితే ఒక షరతు జోడిస్తాయి. ఆ తొలగింపూ ఆ వీసా నిరాకరణా చెప్పేదేమిటంటే, రోజువారీ చోట్లలోకి వెళ్ళిన కళకు అక్కడ అధికారులు నిజంగానే విలువ ఇచ్చారు, భయపడేటంత విలువ. బుర్జ్ ఖలీఫా గోడమీది బొమ్మకు ఎవరూ భయపడరు. షరతు మాత్రం ఇది: చెయ్యి వేసినవాడికి ఆ పనిమీద హక్కు ఉండాలి. కనీసం అతని పేరు ఉండాలి. ఆ కొలతతో చూస్తే నావికుల సొంత వీడియోలతో అల్లిన సినిమా ముందు నిలుస్తుంది, తోటమాలులకు విత్తనాల ఎంపిక వదిలిన ‘బీజ్’ దగ్గరగా వస్తుంది, కవ్వాలీ వెనకబడుతుంది.

ఇదంతా తాత్కాలికంగానే ఎందుకు, మంచిదైతే శాశ్వతంగా ఉంచొచ్చు కదా అని అడిగేవాళ్ళూ ఉన్నారు. ఈ ప్రశ్నకు ఎమిరేట్స్ చరిత్రే విచిత్రమైన సాక్ష్యాలిస్తుంది. భవనాలను గుడ్డతో చుట్టి రెండు వారాల తర్వాత విప్పేసే పనులతో ప్రసిద్ధులైన క్రిస్టో, జాన్-క్లోడ్ దంపతులు తమ జీవితంలో ఒకే ఒక్క శాశ్వత భారీ నిర్మాణాన్ని ఊహించింది ఈ దేశానికే. 1977లో పుట్టిన ఆలోచన అది: లివా ఎడారిలో 4,10,000 చమురు పీపాలతో 150 మీటర్ల ఎత్తు ‘మస్తబా’. జాన్-క్లోడ్ 2009లో, క్రిస్టో 2020లో పోయారు. పీపాల గుట్ట ఇంకా కాగితంమీదే ఉంది. అదే కాలంలో, ఉండనని ముందే చెప్పి వచ్చిన పనులు వందలకొద్దీ జరిగాయి, వాటి వెనక కొన్ని చోట్లు నిలిచిపోయాయి. కల్బా తీరంలో మూతపడిన మంచు కర్మాగారంలో 2015లో అర్జెంటీనా కళాకారుడు ఆద్రియాన్ విల్యార్ రోహస్ మట్టి, సిమెంటు, కుళ్ళే పదార్థాలు పొరలు పొరలుగా పోసి స్తంభాలు నిలిపారు. ఆ పని కాలంతో పాటు మారిపోయింది, కర్మాగారం మాత్రం ప్రదర్శనశాలగా దక్కింది. 1970ల్లో కట్టి రెస్టారెంటుగా, సూపర్‌మార్కెట్‌గా బతికిన షార్జాలోని ‘ఫ్లయింగ్ సాసర్’ భవనాన్ని 2012లో ఆర్ట్ ఫౌండేషన్ తీసుకుంది. 2020లో అది మరమ్మతులతో మళ్ళీ తెరుచుకుంది. పాత జుబైల్ కూరగాయల మార్కెట్ వర్తకులు కొత్త భవనానికి వెళ్ళాక ఆ వంపు తిరిగిన వరస దుకాణాలు కూలిపోయేవే. 2019లో మొదలైన షార్జా ఆర్కిటెక్చర్ ట్రినాలే, తర్వాత బినాలే వాటిని వాడుకున్నాయి. కోటలూ గాలిగోపురాలూ మాత్రమే వారసత్వం అనుకునే చోట, 1970ల, 80ల కూరగాయల అంగడికీ సూపర్‌మార్కెట్‌కూ కూడా చరిత్ర ఉందని చూపింది ఈ తాత్కాలిక ప్రదర్శనలే. గుర్తుంచుకోవాలి, వలస కూలీ చరిత్ర అంతా ఆ భవనాల్లోనే ఉంది. కోటల్లో లేదు.

2023 నవంబరులో నైజీరియా ఆర్కిటెక్ట్ టోసిన్ ఒషినోవో రెండో ట్రినాలేకు నిలవకపోవడంలోని అందాన్నే ఇతివృత్తంగా పెట్టారు. అందులో భాగంగా సాండి హిలాల్, అలెస్సాండ్రో పెట్టి అల్ మదామ్‌లో, ఇసుక ఇళ్ళలోకి ఎక్కి జనం వదిలేసిన 1970ల నాటి కాలనీ దగ్గర, సిమెంటుతో గుడారం కట్టారు. పాలస్తీనా శరణార్థి శిబిరాల్లో డెబ్భై ఏళ్ళకు పైగా సాగుతున్న తాత్కాలికం గురించిన పని అది. వీసా గడువు చూసుకుంటూ ముప్పై ఏళ్ళు ఒకే గదిలో గడిపిన గల్ఫ్ కార్మికుడికి దాని అర్థం ఎవరూ విప్పి చెప్పనక్కర్లేదు. ఈ దేశంలో తాత్కాలిక కళకు ఉన్న లోతు అక్కడే ఉంది. వచ్చేవాడు వెళ్ళిపోతాడన్న షరతుమీద నిలబడిన సమాజంలో, వెళ్ళిపోయే కళ ఆ సమాజపు మాట మాట్లాడుతుంది.

2024 నవంబరులో అబుదాబీ తన మొదటి పబ్లిక్ ఆర్ట్ బినాలేను మొదలుపెట్టింది. అందులో క్రిస్టఫర్ జాషువా బెంటన్ మీనా జాయెద్ దగ్గరి తివాచీల బజారు నడిబొడ్డున, అక్కడి అఫ్ఘన్ మూలాల వర్తకులతో మాట్లాడి, వాళ్ళ జ్ఞాపకాలను నమూనాలుగా మార్చి, కృత్రిమ పచ్చికతో పెద్ద తివాచీ పరిచారు. దుకాణాలు తెరిచే ఉన్నాయి, బేరాలు నడుస్తూనే ఉన్నాయి, పిల్లలు దానిమీద ఆడుకునే వీలు ఉండేది. 1985లో షరీఫ్ బజారులోకి ఒంటరిగా వెళ్ళారు. ఇప్పుడు ప్రభుత్వమే కళాకారుణ్ణి బజారులోకి పంపుతోంది. ఇది ముందడుగే. ఇక మిగిలింది, ఆ తివాచీకి కథలిచ్చిన వర్తకుల పేర్లు, బీజ్‌లో విత్తనం వేసిన తోటమాలుల పేర్లు, పెట్టెలు మోసినవాళ్ళ పేర్లు కళాకారుడి పేరు పక్కన అదే సైజు అక్షరాల్లో, వాళ్ళు చదవగలిగే ఉర్దూ, మలయాళం, పష్తో, తెలుగు భాషల్లో రాయడం. షార్జా బినాలేకు ప్రవేశ రుసుము లేదు. అక్కడ ఉంటున్న తెలుగువాళ్ళు సెలవురోజు ఒకపూట ఆ ముంగిళ్ళకు, పాత అంగళ్ళకు వెళ్ళి చూడాలి, ఆ పేర్లు ఎక్కడున్నాయని నిర్వాహకులను అడగాలి.